పురుగులు పండిన శుక్రవారం

16 జనవరి 1961, సోమవారం. చింతామణి, మైసూరు రాష్ట్రం.

ఏడవలేదు. అన్నయ్య పందెం ఓడిపోయాడు. బందరు స్టేషన్లో రైలు కదులుతుంటే "వారం తిరక్కుండా ఏడుస్తూ వచ్చేస్తుంది చూడండి" అన్నాడు. ఈరోజుకి వారం. ఒక్క చుక్క లేదు. చిక్కబళ్ళాపురంలో బస్సెక్కినప్పుడు కళ్ళు తడిసిన మాట నిజమే. అది దుమ్ము.

ఇంట్లో మేం పదకొండు మందిమి. అందులో నేను నాలుగో ఆడపిల్లని. నేను మొదలుపెట్టిన మాట పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు కాఫీ అడిగేవారు. ఇక్కడ ఇరవై రెండు మంది ఆడపిల్లలు నేను చెప్పేది ఆఖరిదాకా వింటున్నారు! మధ్యలో ఎవరూ కాఫీ అడగటంలేదు! క్లాసులోంచి బయటికొచ్చి వరండాలో నాలో నేనే నవ్వుకున్నాను. ప్యూను చూశాడు. చూడనీ.

పేరుకి ఇంగ్లీషు అసిస్టెంటు టీచర్ని. అసలు ఇంగ్లీషు మాస్టారు హెడ్మాస్టరు గుండూరావుగారే. ఆయన పాఠం చదివి కన్నడంలో అర్థం చెబుతారు. పిల్లలు తెలుగులో గుసగుసలాడుకుంటారు. ఆ ఇద్దరి మధ్యా నిలబడి పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడం నా పని. నాకు కన్నడం ముక్క రాదు.

ఉద్యోగం మార్చి ఆఖరుదాకానే. ఆ తరవాత అసిస్టెంటు కావాలో అక్కర్లేదో వచ్చే నెలలో ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లల్ని పరీక్షించి రాస్తారట. అక్కర్లేదని రాస్తే మళ్ళీ బందరు, మళ్ళీ కాఫీలు.

ఆయన అలా రాయకూడదు.

17 జనవరి

క్లాసులో పది నిమిషాలు మంచి తెలుగులో మాట్లాడాను. అంతా విని వెనక బెంచీ పిల్ల లేచి "మేడమ్, మీకు తెలుగు వస్తాదా?" అని అడిగింది!

నేను మాట్లాడితే పద్యం చదివినట్టు ఉందట వాళ్ళకి. ఇంటావిడ లక్ష్మీదేవమ్మగారిని "గారు" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకెందుకమ్మా గారు? వాన రాని ఊర్లో గొడుగు మాదిరి" అంది. ఒంటరి ఆడపిల్లకి గది ఇస్తామన్నది ఊళ్ళో ఈ ఒక్క ఇంటివాళ్ళేనట. గుండూరావుగారే మాట్లాడి పెట్టారు. రైతులు. వీధివైపు గది నాది. నడిమింట్లో వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. అంటే పురుగులు నడిమింట్లో, మనుషులు చుట్టూ వసారాల్లో!

నాన్నగారికి రాసే ఉత్తరంలో పురుగుల సంగతి రాయలేదు. చోటు సరిపోలేదు.

18 జనవరి

పొద్దున్నే వీధి వీధంతా రేషం ఆఫీసు నుంచి, అంటే పట్టు ఆఫీసు నుంచి, పురుగుల గుడ్ల కాగితాలు తెచ్చుకుంది. కాగితం నిండా ఆవగింజల్లాంటి చుక్కలు. లక్ష్మీదేవమ్మ దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. వెనకాల ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, అందరిచేతుల్లో అవే కాగితాలు. "అందరం ఒగే దినం తెస్తాము, ఒగే దినం పండిస్తాము" అంది. సాయంత్రానికి చుక్కల్లోంచి నల్ల వెంట్రుకముక్కల్లాంటివి బయటికొచ్చి కదులుతున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది.

వాళ్ళమ్మాయి తిమ్మక్క నా క్లాసే, తొమ్మిదో తరగతి. మూడు రోజుల్లో నా ముందు నోరు విప్పలేదు. పురుగుల ముందు మాత్రం కూర్చుని ఏవో చెబుతోంది.

21 జనవరి

తిట్లు తిన్నాను! తలకి సంపెంగ నూనె, మొహానికి పౌడరు రాసుకుని నడిమింట్లోకి తొంగిచూశాను. లక్ష్మీదేవమ్మ వేటకుక్కలా పసిగట్టింది. "యాడికమ్మా? ఆ వాసనతో లోపలికి రావద్దు. పురుగులు ఆకు ముట్టవు" అని గడప దగ్గరే ఆపింది. బందరులో ఆ సంపెంగ నూనెకి ఎంత పేరు! పురుగులకి ఏం తెలుసు.

25 జనవరి

సుద్దముక్క దుమ్ముకి క్లాసులో ఏడు తుమ్ములు వరసగా తుమ్మాను. పిల్లలు లెక్కపెట్టారు. ఏడోది అయ్యాక గుండూరావుగారు పక్క గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. పరువు కాపాడుకోవడానికి బోర్డు మీద "స్నీజ్" అని రాసి, దాన్నే ఆరోజు పాఠం చేశాను. ఐ స్నీజ్. యూ స్నీజ్. ప్లీజ్ డోన్ట్ స్నీజ్. క్లాసు క్లాసంతా పాటలా పాడింది. తిమ్మక్క తప్ప.

26 జనవరి

జెండా వందనం. మిఠాయి. నా గొంతు బాగుందన్నారు.

27 జనవరి

బడి నుంచి రాగానే తిమ్మక్క నాన్న పిళ్ళప్ప అరుగు మీద కూర్చుని "పురుగులకి రెండో జ్వరం" అన్నాడు. నేను కంగారుపడి డాక్టర్ని పిలవమన్నాను. పిళ్ళప్ప పడీ పడీ నవ్వాడు. జ్వరం అంటే పురుగులు మల్బరీ ఆకు తినడం మానేసి, తలెత్తుకుని, ఒకరోజు కదలకుండా నిద్రపోయి పాత తోలు వదలడమట. నాలుగు జ్వరాలు వస్తాయట. "జ్వరమొచ్చినప్పుడే మాకు రజ" అన్నాడు, సెలవన్నమాట. ఆకు కోసే పనుండదు, వేసే పనుండదు. ఇల్లంతా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

విచిత్రమైన మనుషులు. నాకేం, మార్చి దాకానే కదా.

(దాకానే కాకూడదు. ఇన్‌స్పెక్టరు!)

30 జనవరి

గుండూరావుగారు పిలిచారు. ఇన్‌స్పెక్టరు నరసింహయ్యగారు ఫిబ్రవరి ఎనిమిది బుధవారం రాగలరట, లేదా పదిహేడు శుక్రవారం. "ఏది కావలెను, చెప్పండి" అన్నారు. ఒక పెద్దమనిషి నన్ను తేదీ అడిగారు! ఇంట్లో నా పెళ్ళిచూపులకి కూడా నన్ను తేదీ అడగలేదు.

పదిహేడు అన్నాను. తొమ్మిది రోజులు ఎక్కువ దొరుకుతాయి. ఎంత తెలివి!

2 ఫిబ్రవరి

పిల్లలు "సర్, ప్లీజ్ కమ్ ఇన్. సర్, ప్లీజ్ టేక్ యువర్ సీట్" ఒక్క గొంతుతో అంటున్నారు. తిమ్మక్క పెదవులు కదిలాయేమో అనిపించింది. లేదనుకుంటా.

4 ఫిబ్రవరి

సముద్రం పాఠం వచ్చింది. వీళ్ళెవరూ చూడలేదు. నేను బల్ల మీద చెయ్యి పెట్టి అల వచ్చేది, వెళ్ళేది చూపించాను. ప్రశ్నల మీద ప్రశ్నలు. "అవతలి గట్టు కనపడదా మేడమ్? కనపడకపోతే ఉండాదని ఎట్ల తెలిసె?" "ఉప్పు ఎవురు కలిపినారు?" "రాత్రి కూడా సద్దు చేస్తాదా? మీకు నిద్ర ఎట్ల వస్తాండె?" చెబుతూ చెబుతూ ఒక్కసారి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. సుద్దముక్క దుమ్ము. ఈ సుద్దముక్కలు మార్పించమని గుండూరావుగారికి చెప్పాలి.

8 ఫిబ్రవరి, బుధవారం

ఈరోజు క్లాసు నిండుగా ఉంది. ఇరవై రెండుకి ఇరవై రెండు! అందరూ తలకి నీళ్ళు పోసుకుని, పూలు పెట్టుకుని, నిద్ర తీరిన మొహాలతో వచ్చారు. ఏమడిగినా చెప్పారు. పురుగులకి నాలుగో జ్వరమట, వీధంతా తీరికే. లక్ష్మీదేవమ్మ కైవారం గుడికి కూడా వెళ్ళొచ్చింది. పదిహేడున కూడా ఇలాగే ఉంటే చాలు.

10 ఫిబ్రవరి

ఇంటికి కొత్త చట్టం. ఇకనుంచి వారం రోజులు పౌడరు లేదు, సంపెంగ నూనె లేదు. ఇంగువ తాలింపు అసలే లేదు. బయటినుంచి వస్తే కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా లోపలికి లేదు. పరాయివాళ్ళకి గడప లోపల చోటు లేదు. తిమ్మక్క వచ్చి నా పౌడరు డబ్బా తీసుకెళ్ళి దాచేసింది. మాట్లాడకుండానే.

ఇంగువ లేని చారు తాగాను. బందరు వంశంలో ఇలాంటి అవమానం ఎవరికీ జరిగుండదు.

13 ఫిబ్రవరి

పురుగులు నా చిటికెన వేలంత అయ్యాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చి, సముద్రం అనుకున్నాను! గబుక్కున లేచి కూర్చున్నాను. బందరు కాదు. గోడ అవతల తట్టల నిండా పురుగులు ఆకు తింటున్న చప్పుడు. ఆగకుండా, ఒకే తీరుగా, అచ్చం దూరం నుంచి అలలు వినిపించినట్టే.

పొద్దున కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి రెండు గంపల ఆకు నేనే వేశాను. ఊరికే, సాయానికి. నాకు వాటి మీద ప్రేమేం లేదు.

ఒక పురుగు నా వేలెక్కింది. చల్లగా, మెత్తగా ఉంది.

14 ఫిబ్రవరి

క్లాసులో తొమ్మిది మందే. ఆకు కోతట. కోప్పడ్డాను. "శుక్రవారం ఒక్కరు రాకపోయినా ఊరుకోను, ఒట్టు పెట్టండి" అన్నాను. ఎవరూ ఒట్టు పెట్టలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిమ్మక్క లేచి నిలబడింది. నోరు తెరిచింది. మళ్ళీ కూర్చుంది.

భయస్తురాలు, పాపం.

16 ఫిబ్రవరి, గురువారం

అంతా సిద్ధం! బోర్డు మీద రంగు సుద్దలతో తామరపువ్వు వేశాను. ఇన్‌స్పెక్టరుగారి కుర్చీకి గుండూరావుగారు ఇంటినుంచి దిండు తెప్పించారు. రేపు ఈపాటికి నా తలరాత తేలిపోతుంది.

ఏడుగురే వచ్చారు. రేపు అందరూ వస్తారు. వస్తారు.

17 ఫిబ్రవరి, శుక్రవారం

నవ్వు ఆగటంలేదు. ఇదంతా వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున ఆరింటికే తలంటుకున్నాను. ఇన్‌స్పెక్టరు ముందు వారంరోజుల వాడిపోయిన మొహంతో ఎలా నిలబడతాను? తిమ్మక్క డబ్బా దాచిన చోటు నాకు తెలుసు, జొన్నల కుండ వెనక. పౌడరు రాసుకున్నాను. సంపెంగ నూనె రాసుకున్నాను. అందుకే నడిమింటివైపు కూడా వెళ్ళకుండా వీధి తలుపు నుంచి దిగిపోతున్నాను. లక్ష్మీదేవమ్మ లోపల్నుంచే నన్ను పేరు పెట్టి కేక వేసింది. "అంబుజమ్మా! పండినాయమ్మా! అన్నీ పండినాయి!" ఆ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు. "చాలా సంతోషమండీ!" అని నేనూ కేక వేసి బడికి పరిగెత్తాను.

చాలా సంతోషమట. తెలివితక్కువ మొద్దుని.

పదింటికి గంట కొట్టారు. క్లాసులో ముగ్గురు. తాసిల్దారుగారి అమ్మాయి, పోస్టుమాస్టరుగారి అమ్మాయి, గుండూరావుగారి మేనకోడలు. పురుగులు లేని మూడు ఇళ్ళు. పదిన్నరకి నరసింహయ్యగారు వచ్చారు. జరీ తలపాగా, పట్టు అంగవస్త్రం, చేతిలో వెండి నశ్యం డబ్బా. ముగ్గురు పిల్లలూ లేచి "సర్, ప్లీజ్ కమ్ ఇన్" అన్నారు. ఇరవై రెండు గొంతులకి కుదిర్చిన పాట మూడు గొంతుల్లో పిల్లి కూతలా ఉంది. ఆయన హాజరుపట్టీ చూశారు. ఖాళీ బెంచీలు చూశారు. నా తామరపువ్వు చూశారు.

"మిగతా పిల్లోళ్ళు యాడమ్మా?"

గుండూరావుగారు చెమటలు తుడుచుకుంటున్నారు. ఆయనది మైసూరు పట్నం. పాపం, ఆయనకీ ఈ పురుగుల లెక్కలు తెలియవు. అప్పుడు ఆ పోస్టుమాస్టరు అమ్మాయి నెమ్మదిగా "అందరిండ్లలో పురుగులు పండినాయి సార్. ఈపొద్దు ఏరకపోతే ఆకులోనే గూడు కట్టేస్తాయి, పంట పోతాది" అంది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఒకే రోజు గుడ్లు తెస్తారు, ఒకే రోజు పండిస్తారు. నెల కిందట ఈ డైరీలోనే రాశాను! ఎనిమిదో తేదీ జ్వరం, తీరికైన రోజు, ఇరవై రెండుకి ఇరవై రెండు. ఇన్‌స్పెక్టరు ఆరోజే రావలసింది. నేనే, నా తెలివితో నేనే పదిహేడు అన్నాను. ఊళ్ళో చిన్నపిల్లని అడిగినా చెప్పేది. నేను అడగలేదు. ఇంత తెలిసిన సంగతి విడిగా చెప్పాలని వాళ్ళకి తోచలేదు. తిమ్మక్కకి తోచింది. నేను భయస్తురాలు అని రాసుకున్నాను.

బందరు కళ్ళముందు కనపడింది. పదకొండు కాఫీలు కనపడ్డాయి. ఇంక పోయేదేముంది అనిపించి చెప్పేశాను. "సార్, తేదీ పెట్టింది నేనే. తప్పు నాది, పిల్లలది కాదు. వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు. వినాలంటే పురుగులున్న చోటికి రావాలి."

గుండూరావుగారు కళ్ళు మూసుకున్నారు. నరసింహయ్యగారు చిటికెడు నశ్యం పట్టారు, గట్టిగా తుమ్మారు. "దూరమా?" అన్నారు.

వీధంతా చంద్రికలు. పురుగులు గూడు కట్టుకోవడానికి చుట్టచుట్టలుగా అల్లిన వెదురు తట్టలు అవి, గోడలకి వరసగా ఆనించి ఉన్నాయి. పిళ్ళప్ప ఒకటి మోసుకొస్తూ మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం గడపలో రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఎవురమ్మా ఈయప్ప?"

"ఇన్‌స్పెక్టరుగారు. పెద్ద ఆఫీసరు."

"పెద్ద ఆఫీసరే అయినా కాళ్ళు కడుక్కోవల్ల కదప్పా." చెంబు చేతికిచ్చింది. "చేతులూ కడుక్కో. ఆ డబ్బీ ఏమిది, పొడి వాసన కొడతాండాది? బయట పెట్టు." వెండి డబ్బా గుండూరావుగారి చేతిలోకి వెళ్ళింది. జరీ తలపాగా ఆయన వంగి, బుద్ధిగా, కాళ్ళు కడుక్కుంటున్నారు! నేను వెనకాలే అడుగువేశాను. లక్ష్మీదేవమ్మ ముక్కు ఎగబీల్చింది.

"నువ్వు రావద్దు! సంపెంగమ్మా! పో, నీళ్ళు పోసుకోని రా!"

నా ఇన్‌స్పెక్షను! నా ఉద్యోగం! నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా పెరట్లోకి పరిగెత్తాను. స్నానాలగదికీ నడిమింటికీ మధ్య ఒక్క మట్టిగోడే. చెంబుడు నీళ్ళు పోసుకోవడం, ఆగి వినడం. మళ్ళీ చెంబుడు, మళ్ళీ ఆగడం. లోపల తిమ్మక్క, ఇంకా ఆ వీధి నుంచి సాయానికొచ్చిన నా క్లాసు పిల్లలు నలుగురు. పండిన పురుగుల్ని ఒక్కొక్కటీ ఏరి చంద్రికల్లోకి వేస్తున్నారు. చప్పుడు లేదు. పండాక అవి తినవు కదా. సముద్రం ఆగిపోయినట్టు ఉంది.

"వాట్ ఆర్ యూ డూయింగ్?" ఇన్‌స్పెక్టరు గొంతు.

నా చేతిలో చెంబు గాల్లోనే ఆగిపోయింది. పలకండే, పలకండే.

"వియ్ ఆర్ పిక్కింగ్ ది వర్మ్స్, సర్."

ఆ గొంతు నాకు తెలియదు. సన్నగా, తొణక్కుండా ఉంది. ఎవరిదా అనుకున్నాను. ఆయన ఇంకేదో అడిగారు. అదే గొంతు మళ్ళీ చెప్పింది. "దే ఆర్ నాట్ ఈటింగ్ టుడే. దే ఆర్ రైప్." ఇంకో ప్రశ్న. "మై టీచర్ లివ్స్ ఇన్ అవర్ హౌస్. ఐ హియర్ హర్ ఎవ్రీ డే."

తిమ్మక్క! నెలరోజుల నుంచి నా గదిలో నేను గట్టిగా వల్లించుకున్న పాఠాలన్నీ గోడ అవతల పురుగులకి ఆకు వేస్తూ వింటూనే ఉంది! తలమీద సబ్బు నురగతో నేను నోరు మూసుకుని ఏడ్చాను. ఔను, ఏడ్చాను. రాసేస్తున్నాను. అన్నయ్యా, పందెం నువ్వే గెలుచుకో.

అంతలో లోపల ఏదో సందడి. ఇన్‌స్పెక్టరుగారి ముక్కులో పాత నశ్యం ఇంకా మిగిలే ఉన్నట్టుంది. "హా... హా..." అంటున్నారు. ఆయన తుమ్మితే తట్టలోని పురుగులన్నీ బెదిరిపోవూ! వెంటనే అయిదుగురు పిల్లలూ ఒక్క గొంతుతో అరిచారు.

"సర్! ప్లీజ్ డోన్ట్ స్నీజ్!"

తుమ్ము ఆగిపోయింది. ఆ తరవాత ఒక పెద్దమనిషి పగలబడి నవ్వడం గోడ అవతలినుంచి విన్నాను. తడి జుట్టుతో నేను లోపలికి వెళ్ళేసరికి నరసింహయ్యగారు పీట మీద కూర్చుని, అరచేతిలో పసుపుపచ్చగా మెరుస్తున్న పురుగుని పెట్టుకుని చూస్తున్నారు. "ముప్పై ఏండ్లుగా పట్టు కడతాండాను. దీని మొగం ఈపొద్దే చూస్తాండేది" అన్నారు.

ఆ తరవాత ఎదురిల్లు, ఆ పక్కిల్లు. మూడో ఇంటి దగ్గర ఎవరూ అడగకముందే ఆయనే చెంబు అందుకున్నారు.

18 ఫిబ్రవరి

నిన్న ఇన్‌స్పెక్టరు వెళ్ళాక చీకటి పడేదాకా పురుగులు ఏరాను. వేళ్ళన్నీ బంక. తిమ్మక్క నా పక్కనే. నేను ఇంగ్లీషులో ఏదో అడిగితే తెలుగులో "పని చూడు మేడమ్" అంది.

20 ఫిబ్రవరి

చంద్రికల నిండా గూళ్ళు, పసుపుపచ్చగా. ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాలేదు.

22 ఫిబ్రవరి

రాలేదు.

24 ఫిబ్రవరి

వచ్చింది! కన్నడంలో ఉంది! గుండూరావుగారు మొహంలో ఏమీ కనపడనివ్వకుండా నా చేతిలో పెట్టి "మీరే చదువుకోండి" అని వెళ్ళిపోయారు. ఆయనకి వేళాకోళం కూడా వచ్చని ఈరోజే తెలిసింది. అక్షరాలు తెలుగు వాటిలాగే ఉంటాయి కాని గుండె అంతగా కొట్టుకుంటుంటే తెలుగైనా చదవలేను. ఇంటికి పరిగెత్తాను. అరుగు మీద తిమ్మక్క గూళ్ళకి అంటిన పీచు తీస్తోంది. కాగితం ఇచ్చాను. చేతులు కడుక్కుని మరీ తీసుకుంది. వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పింది.

"బడికి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళు పదహారు మంది. అసిస్టెంటు టీచరమ్మ వచ్చే ఏడు కూడా ఉండవల్ల. ఇంకమీద ఇన్‌స్పెక్షను తేదీ పెట్టేముందు పురుగులకి ఎన్నో జ్వరమో విచారించవల్ల."

అరుగు మీద నుంచి దూకాను. ఇరవై రెండేళ్ళ టీచరు అరుగు మీద నుంచి దూకింది, వీధంతా చూసింది, కాలు కూడా బెణికింది. తిమ్మక్క నవ్వింది. ఆ పిల్లకి సొట్టలు పడతాయి!

1 మార్చి

నాన్నగారి ఉత్తరం. "ఉద్యోగం పొడిగించారని రాశావు, సంతోషం. కాని మీ అమ్మ బెంగపెట్టుకుంది. ఎప్పుడు వస్తావో ఖచ్చితంగా తేదీ రాయి."

చదువుతుండగానే వీధిలో సందడి. మళ్ళీ గుడ్ల కాగితాల రోజు. ఈసారి రేషం ఆఫీసుకి లక్ష్మీదేవమ్మతో నేనూ వెళ్ళాను. కాగితం నేనే పట్టుకొచ్చాను, పౌడరు లేకుండా, నూనె లేకుండా. అలా పట్టుకుంటే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. దారిలో పిల్లలు ఎదురొచ్చి చుట్టూ చేరారు. "మీ ఊరికి ఎప్పుడు పోతారు మేడమ్?" అని అడిగారు.

"పురుగులు పండినాక" అన్నాను.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. తిమ్మక్క అయితే కడుపు పట్టుకుంది. ఈ పంట పండేలోపు అమ్మకి నాలుగు కార్డులు రాస్తాను, ఇది మాత్రం నిజం.

నాన్నగారికి కూడా అదే మాట రాసి ఇప్పుడే పోస్టు చేసి వచ్చాను. పురుగులు పండగానే వస్తాను నాన్నగారూ అని. ఈ పంట పండిన వెంటనే ఇంకో గుడ్ల కాగితం వస్తుందని బందరులో ఎవరికీ తెలియదు.